సూర్యుడి మచ్చల్లో ప్రవాహాన్ని కొలిచిన జాన్ ఎవర్‌షెడ్

సూర్యుడి పరిశోధన చరిత్రలో మన గుంటూరుకు ఒక చోటుంది. 1868 ఆగస్టు 18న ఇక్కడ సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు, ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్సెన్ అనే శాస్త్రవేత్త సూర్యుడి అంచున ఎగసే ఎర్రటి జ్వాలలను వర్ణపటదర్శినితో చూసి, అవి మండుతున్నట్టు వెలిగే వాయువులని తేల్చారు. అదే రోజు మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీ అధికారి నార్మన్ పాగ్సన్ కూడా ఆ జ్వాలల వెలుగును పట్టకంతో విడదీసి చూశారు. సూర్యుడు దేనితో తయారయ్యాడో చెప్పగల సాధనం మనిషి చేతికి చిక్కిన తొలి రోజులవి.

నలభై ఏళ్ల తర్వాత, అదే మద్రాసు అబ్జర్వేటరీకి వారసురాలైన కొడైకెనాల్ అబ్జర్వేటరీలో ఇంకో అడుగు పడింది. సూర్యుడి మచ్చల్లో వాయువు ఎటు కదులుతోంది, ఎంత వేగంతో కదులుతోంది అన్నది ఒక ఆంగ్లేయుడు కొలిచి చూపించారు. ఆయన పేరు జాన్ ఎవర్‌షెడ్. సూర్యుడి గురించిన ఏ పాఠ్యపుస్తకం తెరిచినా ఎవర్‌షెడ్ ప్రభావం అనే మాట కనిపిస్తుంది. ఆ పని మన దక్షిణాది కొండమీద జరిగిందని మాత్రం చాలామందికి తెలియదు. కొలతలతోనే బతుకుతున్న ఇంజినీరుగా నాకు ఆ మనిషి కథ ఎంతో ఇష్టం. మన స్వర్ణోత్సవ సంచికలో దాన్ని పంచుకుంటున్నాను.

ఉద్యోగం ఒకటి, వ్యాపకం ఒకటి

ఎవర్‌షెడ్ 1864 ఫిబ్రవరి 26న ఇంగ్లాండులోని సర్రే ప్రాంతంలో గోమ్‌షాల్ అనే ఊళ్లో పుట్టారు. ఆయన విశ్వవిద్యాలయంలో ఖగోళశాస్త్రం చదివి ఆ ఉద్యోగంలో చేరినవారు కారు. లండన్‌లో ఒక సంస్థలో రసాయన విశ్లేషణ చేసే ఉద్యోగి. నలభై రెండేళ్లు వచ్చేదాకా సూర్యుడు ఆయనకు తీరిక వేళల వ్యాపకమే.

వ్యాపకమే అయినా దాన్ని తేలికగా తీసుకోలేదు. 1890లో కెన్లీ అనే ఊళ్లో సొంత అబ్జర్వేటరీ పెట్టుకున్నారు. అదే ఏడాది ఏర్పడిన బ్రిటిష్ ఖగోళ సంఘంలో తొలి సభ్యుల్లో ఒకరయ్యారు. ఆ సంఘం ఔత్సాహికుల కోసం పెట్టింది. దానిలో సూర్యుడి వర్ణపటాన్ని పరిశీలించే విభాగాన్ని ఆయనే నడిపించారు. రాన్యార్డ్ అనే ఖగోళ పరిశీలకుడు 1894లో చనిపోతూ తన 18 అంగుళాల దూరదర్శినిని ఎవర్‌షెడ్‌కు రాసిచ్చారు. మంచి సాధనం ఎవరి చేతిలో ఉంటే పనికొస్తుందో ఆయన గుర్తించారన్నమాట. కావలసిన పరికరం బజారులో దొరక్కపోతే ఎవర్‌షెడ్ తానే చేసుకునేవారు. సూర్యుణ్ణి ఒకే రంగు కాంతిలో ఫోటో తీసే స్పెక్ట్రోహీలియోగ్రాఫ్ కూడా అలా సొంతంగా తయారు చేసుకున్నదే.

ఆ రోజుల్లో సూర్యుడి పైపొరలను చూడాలంటే గ్రహణం వెంట పరుగెత్తాల్సిందే. 1896లో నార్వే వెళ్లారు. సరిగ్గా సమయానికి మబ్బు పట్టింది. 1898 జనవరిలో భారతదేశం వచ్చి, అప్పటి బేరారులో, అంటే ఇప్పటి మహారాష్ట్రలోని తాల్ని అనే చోట మకాం వేశారు. ఈసారి ఆకాశం తేటగా ఉంది. హైడ్రోజన్ రేఖలు ఊదారంగు వైపు పోయేకొద్దీ దగ్గరదగ్గరగా వచ్చి ఒక హద్దు దగ్గర ఆగిపోతాయి. ఆ హద్దు దాటాక కూడా తెంపులేని వెలుగు ఉందని ఆయన ఫోటో ప్లేటు చూపించింది. అది ఎందుకు ఉంటుందో పరమాణువు నిర్మాణం అర్థమయ్యాక గానీ తెలియలేదు.

1900లో అల్జీరియా వెళ్లినప్పుడు ఆయన ఎంచుకున్న చోటు చూడండి. అందరూ సంపూర్ణ ఛాయ నడిమధ్యన నిలబడాలనుకుంటారు. ఆయన ఛాయ అంచున నిలబడ్డారు. మధ్యలో ఉంటే సూర్యుడి అంచునున్న పలచటి రంగుపొర ఒకటి రెండు సెకన్లు మెరిసి మాయమవుతుంది. అంచున ఉంటే చంద్రుడు దాన్ని రాసుకుంటూ పోతాడు కాబట్టి ఎక్కువసేపు కనిపిస్తుంది. ప్రశ్న మారితే నిలబడే చోటూ మారాలని ఆయనకు తెలుసు. కొడైకెనాల్‌లో ఇదే తెలివి ఆయనకు అక్కరకొచ్చింది.

కరువులోంచి పుట్టిన అబ్జర్వేటరీ

1876-78 నాటి కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. బళ్లారి, కర్నూలు, కడప సీమలను అది తుడిచిపెట్టింది. సూర్యుడి మీద మచ్చలు సుమారు పదకొండేళ్లకోసారి పెరిగి తగ్గుతాయి. ఆ హెచ్చుతగ్గులకూ మన రుతుపవనాలకూ లంకె ఉంటుందేమో, ఉంటే కరువును ముందే పసిగట్టవచ్చేమో అన్న ఆశ అప్పటి ప్రభుత్వానికి కలిగింది. సూర్యుణ్ణి రోజూ పరిశీలించే కేంద్రం ఒకటి దక్షిణాదిన పెట్టాలని 1893లో తీర్మానించారు. దుమ్ము లేని ఎత్తయిన చోటు కావాలి. సముద్రమట్టానికి 2,343 మీటర్ల ఎత్తున్న కొడైకెనాల్ అందుకు తగినదని తేలింది. మద్రాసు అబ్జర్వేటరీ బాధ్యుడు మిచీ స్మిత్ పర్యవేక్షణలో 1899లో పని మొదలై, 1901 నుంచి పరిశీలనలు సాగాయి. మచ్చలను చూసి వానలు చెప్పడం సాధ్యం కాలేదు. కానీ ఆ ఆశతో కట్టిన భవనం వృథా పోలేదు.

1906లో ఎవర్‌షెడ్‌ను అక్కడికి సహాయ డైరెక్టరుగా నియమించారు. అదే ఏడాది మేరీ ఆక్‌వర్త్ ఆర్‌ను ఆయన పెళ్లాడారు. పదేళ్ల కిందట నార్వేలో మబ్బుల పాలైన గ్రహణయాత్రలోనే వారికి పరిచయం. దంపతులిద్దరూ తిన్నగా ఇండియా రాలేదు. అమెరికా, జపాన్ మీదుగా వస్తూ, దారిలో మౌంట్ విల్సన్ అబ్జర్వేటరీలో జార్జ్ ఎలరీ హేల్‌ను కలిశారు. సూర్యుడి పరిశోధనలో అప్పటికి హేల్‌ను మించినవారు లేరు. 1907 జనవరిలో కొడైకెనాల్ చేరారు.

అక్కడ కేంబ్రిడ్జి కంపెనీ చేసిన స్పెక్ట్రోహీలియోగ్రాఫ్ ఉంది గానీ ఆశించినట్టు పనిచేయడం లేదు. ఎవర్‌షెడ్ దాన్ని సరిచేసి రోజువారీ పనికి సిద్ధం చేశారు. కాంతిని బాగా విడదీసే గ్రేటింగు ఒకటి సంపాదించి, అబ్జర్వేటరీలో ఉన్న విడిభాగాలతో శక్తిమంతమైన వర్ణపట కెమెరా కూర్చారు.

ఒక రేఖ వంగడం అంటే

ఆయన చేసిన పని అర్థం కావాలంటే మనం బడిలో చదివిన రెండు పాఠాలు గుర్తు చేసుకుంటే చాలు. మొదటిది పట్టకం పాఠం. సూర్యకాంతిని విడదీస్తే ఏడు రంగుల పట్టీ వస్తుంది. బాగా విడదీసి చూస్తే ఆ పట్టీలో వేలకొద్దీ సన్నని నల్లగీతలుంటాయి. ఇనుము, కాల్షియం, హైడ్రోజన్ వంటి ఒక్కో మూలకానివి ఒక్కో చోట ఉంటాయి.

రెండోది డాప్లర్ పాఠం. ప్లాట్‌ఫారం మీద నిలబడితే, కూత వేస్తూ వచ్చే రైలు మనల్ని దాటగానే కూత స్థాయి దిగినట్టు వినిపిస్తుంది. కాంతికీ అంతే. వాయువు మనవైపు వస్తుంటే దాని గీత ఊదా వైపు జరుగుతుంది. మన నుంచి దూరంగా పోతుంటే ఎరుపు వైపు జరుగుతుంది. ఎంత జరిగిందో కొలిస్తే వేగం తెలుస్తుంది.

వినడానికి సులువే. జరిగే దూరమే మహా చిన్నది. కాంతి వేగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు. వాయువు వేగం సెకనుకు 2 కిలోమీటర్లు అనుకుంటే, 6,300 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గరున్న గీత జరిగేది 0.042 ఆంగ్‌స్ట్రామ్ మాత్రమే. అంటే లక్షన్నరలో ఒక వంతు. నూట యాభై మీటర్ల తాడు పొడవులో ఒక మిల్లీమీటరు తేడా పట్టుకోవడం లాంటిది. పైగా గది కొంచెం వేడెక్కినా పరికరం సాగి గీత కదులుతుంది. భూమి తిరుగుతుంది, సూర్యుడూ తిరుగుతాడు, వాటివల్లా కదులుతుంది.

ఇంజినీర్లకు ముచ్చటేసే సంగతి ఇక్కడుంది. సూర్యుడి ప్రతిబింబాన్ని వర్ణపట కెమెరా ముందున్న సన్నటి చీలిక మీద పడేట్టు చేస్తారు. చీలిక మచ్చకు అడ్డంగా, దానికి రెండువైపులా కొంత మామూలు సూర్యతలాన్ని కూడా దాటేట్టు అమరుస్తారు. అప్పుడు ఫోటోలో ప్రతి గీత నిడివిలో మధ్యభాగం మచ్చది, రెండు కొసలు మచ్చ బయటివి. పరికరం సాగితే గీత మొత్తం ఒకేలా జరుగుతుంది. మచ్చలో వాయువు కదిలితే మచ్చ భాగం మాత్రమే వంగుతుంది. కొలవాల్సినదీ, పోల్చాల్సినదీ ఒకే గీతలో ఉన్నాయి. బయటి కొలబద్ద అవసరం లేదు.

1909 జనవరి

1908లో మౌంట్ విల్సన్‌లో హేల్ ఒక గొప్ప సంగతి కనిపెట్టారు. మచ్చల్లో బలమైన అయస్కాంత క్షేత్రం ఉందని వర్ణపట రేఖలు చీలడాన్ని బట్టి రుజువు చేశారు. హైడ్రోజన్ కాంతిలో తీసిన ఫోటోల్లో మచ్చల చుట్టూ సుడి తిరిగినట్టు ఆకారాలు కూడా ఆయనకు కనిపించాయి. కాబట్టి మచ్చ అంటే తుఫాను లాంటి సుడిగుండం అన్న అభిప్రాయం బలపడింది. వాయువు గిర్రున తిరుగుతూ ఉంటే గీతలు ఆ తిరుగుడును చూపించాలి.

1909 జనవరిలో సూర్యుడి మీద పెద్ద మచ్చలు కనిపించాయి. కొడైకెనాల్‌లో పొద్దున్నే, ఎండకు కొండవాలు వేడెక్కకముందు గాలి నిలకడగా ఉంటుంది. ఎవర్‌షెడ్ ఆ మచ్చల వర్ణపటాలు తీశారు. గీతలు వంగాయి. ప్రతి మచ్చకూ నడుమ ప్రచ్ఛాయ అనే నల్లటి భాగం, దాని చుట్టూ ఉపచ్ఛాయ అనే బూడిదరంగు అంచు ఉంటాయి. వంపు ముఖ్యంగా ఆ అంచులో కనిపించింది.

వంగింది సరే, అది సుడేనా? ఎడ్లబండి చక్రాన్ని ఊహించుకోండి. సుడి అయితే వాయువు చక్రం పట్టా వెంబడి తిరుగుతుంది. సుడి కాకపోతే ఇరుసు నుంచి ఆకుల వెంబడి బయటికి పోతూ ఉండవచ్చు. మచ్చ సూర్యబింబం నడిమికీ అంచుకూ మధ్యలో ఉన్నప్పుడు మనం దాన్ని ఏటవాలుగా చూస్తాం. అప్పుడు బింబం నడిమి నుంచి అంచుకు గీసిన గీత వెంబడి జరిగే కదలికే మనవైపు రావడంగా, పోవడంగా తెలుస్తుంది. చీలికను ఆ గీత వెంబడి పెడితే, బయటికి పారే వాయువు తన గుర్తు చూపిస్తుంది. బింబం నడిమి వైపున్న కొస ఊదా వైపు, బింబం అంచు వైపున్న కొస ఎరుపు వైపు వంగాలి. చీలికను దానికి అడ్డంగా తిప్పితే వంపు పోవాలి. సుడి అయితే సరిగ్గా తలకిందులు. మొదటి అమరికలో వంపు ఉండకూడదు, రెండో దానిలో ఉండాలి.

ఎవర్‌షెడ్ చీలికను రెండు దిక్కులా పెట్టి చూశారు. నడిమి నుంచి అంచు వైపు పెట్టినప్పుడు గీతలు వంగాయి. అడ్డంగా పెట్టినప్పుడు తిన్నగా నిలిచాయి. మచ్చ బింబం నడిమిలో ఉన్నప్పుడు వంపే లేదు. అంటే కదలిక సూర్యతలానికి సమాంతరంగా ఉంది, నిలువుగా కాదు. వాయువు సుడి తిరగడం లేదు. మచ్చ మధ్య నుంచి అన్ని వైపులకూ, సెకనుకు సుమారు రెండు కిలోమీటర్ల వేగంతో, ఆకుల వెంబడి బయటికి పారుతోంది. మన లెక్కలో అది గంటకు ఏడు వేల కిలోమీటర్ల పైమాట.

ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించాలి. హేల్ దగ్గర అరవై అడుగుల సూర్యగోపురం ఉంది, పెద్ద బృందం ఉంది, అప్పుడే వచ్చిన కీర్తి ఉంది. కొడైకెనాల్‌లో ఉన్నవి చేత్తో కూర్చుకున్న సాధనాలు. ఎవర్‌షెడ్ సుడి కోసమే వెతికినా, ఒకే దిక్కులో కొలిచి ఆగి ఉంటే గీతలు వంగాయి కదా, సుడి దొరికిందని రాసేయవచ్చు. పెద్దాయన మాటకు మద్దతు దొరికినట్టయ్యేది, మెప్పూ వచ్చేది. చీలికను తొంభై డిగ్రీలు తిప్పి మళ్లీ కొలవడం వల్లే నిజం బయటపడింది. అదే ఏడాది కొడైకెనాల్ అబ్జర్వేటరీ బులెటిన్‌లో ఫలితం అచ్చయింది. హేల్ చూసిన అయస్కాంత క్షేత్రం నిజమే. దాని పక్కన ఊహించిన సుడి మాత్రం ఆ పొరలో లేదు.

తర్వాత మౌంట్ విల్సన్‌లోనే సెయింట్ జాన్ అనే శాస్త్రవేత్త వందలాది గీతలు కొలిచి ఎవర్‌షెడ్ మాటను ధ్రువపరిచారు. కింది పొరల్లో ప్రవాహం బయటికి, పైకి పోయేకొద్దీ మందగిస్తుంది, బాగా పైపొరల్లో తిరగబడి మచ్చలోకి పారుతుంది. ఇవాళ్టి అవగాహన ప్రకారం ఉపచ్ఛాయలో వాలుగా పడుకున్న అయస్కాంత రేఖల కాలువల వెంబడి ఈ ప్రవాహం సాగుతుంది. దాని సూక్ష్మ వివరాల మీద పరిశోధన ఇంకా నడుస్తూనే ఉంది.

మేరీ, శుక్రుడు, ఐన్‌స్టీన్

మేరీ భర్త నీడలో ఉండిపోయిన మనిషి కారు. పెళ్లికి ముందే దక్షిణాకాశపు నక్షత్రాల మీద చిన్న పుస్తకం రాశారు. కొడైకెనాల్‌లో ఉండగా ఇటలీ మహాకవి డాంటే కావ్యంలోని ఖగోళ విషయాల మీద పుస్తకం వెలువరించారు. మచ్చల దగ్గర ఎగసే జ్వాలల మీద సొంతంగా వ్యాసం ప్రచురించారు. జ్వాలల పరిశీలనలన్నిటినీ సమీక్షించే 1917 నాటి గ్రంథం దంపతులిద్దరి పేరనా వచ్చింది.

ఎవర్‌షెడ్ 1911లో డైరెక్టరయ్యారు. 1915లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. 1918లో రాయల్ ఖగోళ సంఘం బంగారు పతకం ఇచ్చింది. గాలి నిలకడ ఎక్కువని కాశ్మీరు లోయకు పరికరాలు మోసుకెళ్లి శ్రీనగర్‌లో తాత్కాలిక అబ్జర్వేటరీ కూడా నడిపారు.

ఆ కాలంలోనే ఇంకో కష్టమైన కొలత ఆయన ముందుకొచ్చింది. సూర్యుడి గురుత్వం వల్ల గీతలన్నీ కాస్త ఎరుపు వైపు జరగాలని ఐన్‌స్టీన్ లెక్క. ఆ జరుగుడు సెకనుకు 0.6 కిలోమీటరు వేగానికి సమానం. మచ్చల్లో చూసినదానికంటే ఎంతో తక్కువ. గీతలు ఎరుపు వైపు జరిగాయని ఎవర్‌షెడ్ అప్పటికే కొలిచారు. కానీ బింబం నడిమిలో ఒకలా, అంచున ఒకలా ఉన్నాయి. భూమే ఏదో రకంగా సూర్యుడి వాయువుల మీద ప్రభావం చూపుతోందా అన్న వింత అనుమానం కూడా ఆయనకొచ్చింది. అనుమానం వచ్చాక దాన్ని మనసులో పెట్టుకుని కూర్చోలేదు. శుక్రగ్రహం మీద పడి తిరిగొచ్చే సూర్యకాంతి వర్ణపటాన్ని తీశారు. భూమికి కనిపించని సూర్యుడి వైపు నుంచి వచ్చిన కాంతి అది. శుక్రుణ్ణి అద్దంలా వాడుకుని సూర్యుడి వీపు చూడడమన్నమాట. ఆ వింత ఊహ నిలవలేదు. గురుత్వం వల్ల కలిగే మార్పూ, సూర్యతలం మీద వేడి వాయువు పొంగడం వల్ల కలిగే మార్పూ కలగలిసి ఉన్నాయన్న సంగతి కాలక్రమేణా తేలింది.

కొండ దిగాక

1923లో పదవీవిరమణ చేసి ఇంగ్లాండు వెళ్లారు. ఎవర్‌షెడ్ విశ్రాంతి తీసుకోలేదు. ఎవ్‌హర్స్ట్ అనే ఊళ్లో మళ్లీ సొంత అబ్జర్వేటరీ కట్టుకుని, గాజు బదులు ద్రవం నింపిన పెద్ద పట్టకాలతో సూర్యుడి గీతలు కొలుస్తూనే ఉన్నారు. ఎనభై దాటాక కూడా పని ఆపలేదు. మేరీ 1949లో కన్నుమూశారు. ఆయన 1956 నవంబరు 17న, తొంభై రెండేళ్ల వయసులో మరణించారు. ఔత్సాహికుడిగా మొదలై ఔత్సాహికుడిగానే ముగిశారు. మధ్యలో పదహారేళ్లు మాత్రమే జీతానికి సూర్యుణ్ణి చూశారు.

ఆయన సరిచేసిన పరికరంతో మొదలైన రోజువారీ ఫోటోలు నూరేళ్లు దాటిన భాండాగారమయ్యాయి. సూర్యుడి దీర్ఘకాలపు మార్పులు తెలుసుకోవాలనుకునే ఏ దేశపు శాస్త్రవేత్తయినా ఇప్పుడు ఆ కొడైకెనాల్ ప్లేట్లను సంప్రదిస్తారు. 1960లో ఆ అబ్జర్వేటరీ పగ్గాలు చేపట్టిన వేణు బప్పు హైదరాబాదు నిజామియా అబ్జర్వేటరీ ఉద్యోగి కొడుకు, నిజాం కళాశాల విద్యార్థి. ఆయన చేతిమీదుగానే అది భారత ఖగోళభౌతిక సంస్థగా పెరిగింది. ఆ సంస్థ తయారుచేసిన కరోనా పరిశీలన పరికరాన్ని మోసుకుంటూ ఆదిత్య ఎల్-1 నౌక 2023 సెప్టెంబరు 2న మన శ్రీహరికోట నుంచే బయల్దేరింది. 2008లో భారత తపాలా శాఖ ఎవర్‌షెడ్ ప్రభావం శతాబ్ది స్టాంపు విడుదల చేసింది.

మన బడి ప్రయోగశాల గురించి ఒక మాట చెప్పి ముగిస్తాను. వెర్నియర్ కాలిపర్స్, స్క్రూగేజి పట్టుకుని మూడుసార్లు కొలిచి సగటు రాయమని మన మాస్టార్లు పట్టుబట్టిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. ఎవర్‌షెడ్ చేసింది దానికి కొనసాగింపే. మూడుసార్లూ ఒకే వైపు నుంచి కాకుండా, ఒకసారి పరికరాన్ని తిప్పి కూడా కొలవడం. స్వర్ణోత్సవ నిధిలో కొంత సైన్సు ప్రయోగశాలకు కేటాయించాలని మన సంఘం అనుకుంటోంది కాబట్టి, ఒక మంచి గ్రేటింగు, ఒక స్పెక్ట్రోమీటరు ఆ జాబితాలో చేర్చమని నా విన్నపం. సూర్యుణ్ణి సూటిగా చూడకుండా, తెల్లకాగితం మీద పడి వచ్చే ఎండను చీలికలోంచి పంపితే చాలు, అందులోని ముఖ్యమైన నల్లగీతలు పిల్లలకు కంటితోనే కనిపిస్తాయి. దాన్ని బిగించి, సరిచేసి, టీచర్లకు అప్పగించే పని నేను చేసిపెడతాను.